పుదుచ్చేరిలో హిస్టరీ టూర్: గైడ్‌గా కాళ్ళు కదపకుండా గడించండి

ఈ పనికి పుస్తకాలు చదవక్కర్లేదు. గట్టి గొంతు, ఒక గొడుగు చాలు. కింది చిట్కాలు పాటించండి.

1. తెల్లారగట్ల పిలవకండి. ఆ వేళ జనం హుషారుగా ఉండి ప్రశ్నలేస్తారు. మే నెల ఎండలో పదకొండున్నరకు రమ్మనండి. రెండో వీధికల్లా నీడ తప్ప ఇంకేమీ అడగరు.

2. నేరుగా భారతి పార్కుకు తీసుకెళ్ళి బెంచీ పట్టండి. మధ్యలో ఆయి మండపం, చుట్టుపక్కల గవర్నరు బంగళా, అసెంబ్లీ, మ్యూజియం. అన్నీ కూర్చునే వేలు పెట్టి చూపించొచ్చు. వచ్చినవాళ్ళు తెలుగువాళ్ళయితే మీ పంట పండినట్టే. ఆయి కథ ఎత్తుకోండి: ఆమె ఇల్లు చూసి గుడి అనుకుని కృష్ణదేవరాయలు దండం పెట్టాడట, వేశ్య ఇల్లని తెలిశాక కూల్చమన్నాడట, ఆమె అక్కడే చెరువు తవ్వించిందట. రాయల పేరు వింటే మనవాళ్ళు పొంగిపోతారు, గంట గడిచిపోతుంది. మూడో నెపోలియన్ కాలంలో ఆ నీళ్ళు ఊళ్ళోకి వచ్చినందుకే మండపం కట్టారన్న ముక్క మింగేయండి. చెబితే ఎలా తెచ్చారని అడుగుతారు.

3. పసుపు గోడ కనబడగానే "డూప్లే ఇక్కడే కాఫీ తాగేవాడు" అనండి. ఫ్రెంచి గవర్నరు డూప్లే 1754లోనే వెళ్ళిపోయాడు. 1761లో ఇంగ్లీషువాళ్ళు కోటతో సహా తెల్లవాళ్ళ పేటను కూల్చేశారు. ఇప్పుడున్న మేడలు ఆ తర్వాతివి. అయినా తీసివేత లెక్క ఎవరూ వెయ్యరు, ఫొటో దిగుతారు.

4. కాలువ మాత్రం దాటకండి. అవతల తమిళుల వీధులున్నాయి, డూప్లే దుబాసీ ఆనంద రంగ పిళ్ళై ఇల్లుంది. 1736 నుంచి 1761 దాకా ఓడల రాకపోకలు, దొరల తగాదాలు ఆయన తన డైరీలో తమిళంలో రాసిపెట్టాడు. ఆ సంగతి ఎత్తితే సాయంత్రం దాకా నిలబడాలి. "అటు డ్రైనేజీ పని జరుగుతోంది" అనెయ్యండి.

5. స్వాతంత్ర్యం ఎప్పుడొచ్చిందంటే 1947 అని తేల్చెయ్యండి. కీళూరులో 1954 అక్టోబరు 18న 178 మంది ప్రతినిధుల్లో 170 మంది భారత్‌లో విలీనానికి ఓటేశారని, నవంబరు 1న అధికారం చేతులు మారిందని, చట్టబద్ధంగా ఫ్రెంచి పాలన 1962లో ముగిసిందని ఎవరు వల్లిస్తారు? యానాం 1954 జూన్ 13నే విముక్తమైందని కాకినాడ పెద్దాయనెవరైనా అందుకుంటే, వెంటనే మంచినీళ్ళ సీసా చేతికివ్వండి.

6. సగం మంది మధ్యలోనే జారుకుంటారు. సంతోషించండి, అంత మాట్లాడే శ్రమ తగ్గింది. డబ్బు మాత్రం పార్కు గేటు దగ్గరే, మొదటి మాటకు ముందే, మొత్తం వసూలు చేసుకోండి.