సాయంత్రపు బులెటిన్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ కొవిడ్ బులెటిన్ గారి సముఖమునకు, హైదరాబాద్ నుంచి మీ పాత పాఠకుడు చేసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. కానీ ఎవరు కుశలమో, ఎవరు కాదో తేల్చే అధికారం తమరిది. ఆ మాట మీకే వదిలేస్తున్నాను.

మీరు రిటైరై చాలా కాలమైంది కదా, ఇప్పుడెందుకీ లేఖ అంటారేమో. మా ఇళ్లల్లో గొడవ ఇంకా చల్లారలేదండీ. పెళ్లి బంతిలో కూర్చుంటే చాలు, "అదంతా ఉత్త ఫ్లూ. ఆస్పత్రులోళ్లు, టీవీలోళ్లు కలిసి జనాన్ని బెదరగొట్టారు" అని బాబాయి మొదలెడతాడు. "మా వీధిలో ఎన్ని పాడెలు లేచాయో నీకేం తెలుసురా" అని మేనత్త విస్తరి ముందు నుంచి లేచిపోతుంది. మధ్యలో ఎవడో మేనల్లుడు ఫోన్ తీసి మిమ్మల్ని సాక్ష్యానికి పిలుస్తాడు. తెలంగాణలో కొవిడ్ మృతులు మొత్తం 4,111. బాబాయి గెలుస్తాడు. గులాబ్ జామూన్ ఇంకోటి వేయించుకుంటాడు.

ఈ తగాదా మీరు పెట్టిందని అనను. పెట్టింది పెద్దలే. 2020 మార్చి మొదట్లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అసెంబ్లీలో పారాసెటమాల్ చాలన్నారు. మార్చి 15న స్థానిక ఎన్నికలు వాయిదా వేశారన్న కోపంలో పక్క రాష్ట్రంలో అప్పటి ముఖ్యమంత్రి జగన్ గారు ఆ మాత్రకు బ్లీచింగ్ పౌడర్ కూడా జోడించారు. మార్చి 24 వచ్చేసరికి అదే కేసీఆర్, లాక్‌డౌన్‌లో మాట వినకపోతే కనిపిస్తే కాల్చివేత ఉత్తర్వులు ఇవ్వాల్సి వస్తుందన్నారు. నెల తిరగకుండానే మాత్ర నుంచి తూటా దాకా వచ్చాం. జనం సగం మంది మాత్ర దగ్గర ఆగిపోయారు, సగం మంది తూటా దగ్గర.

మాత్ర మాట పూర్తిగా తప్పూ కాదు. చాలామందికి నాలుగు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు, వాసన తెలియకపోవడం, అంతే. వాళ్లు మింగిందీ పారాసెటమాలే. అదే వైరస్ అదే ఇంట్లో పెద్దాయన ఊపిరితిత్తుల్లోకి దిగింది. కొడుక్కి జలుబు, తండ్రికి వెంటిలేటర్. ఇందులో ఎవరూ అబద్ధం ఆడటం లేదు, ఎవరు చూసింది వాళ్లు చెబుతున్నారు. ఒక వీధి చూసింది ఇంకో వీధి నమ్మదు కాబట్టే అన్ని వీధులకూ కలిపి ఒక లెక్క కావాలి. ఆ లెక్క చెప్పడానికే తమరు పుట్టారు.

మరి ఏం చెప్పారు? మరణాల కింద రోజూ ఒక వరుస ఉండేది, గుర్తుందా? కొవిడ్ వల్ల ఇంత శాతం, ఇతర దీర్ఘకాలిక జబ్బుల వల్ల ఇంత శాతం అని. సగానికి పైగా రెండో ఖాతాలోనే పడేవి. ఇరవై ఏళ్లు షుగర్ మాత్రలతో నిక్షేపంగా తిరిగిన మనిషి, పాజిటివ్ వచ్చిన పదో రోజున పోతే, ఆ నేరం షుగర్ మీదికి వెళ్లేది. మృతదేహాలకు పరీక్షలు చేయండని 2020 మేలో హైకోర్టు ఆదేశిస్తే, ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్లి స్టే తెచ్చుకుంది. పరీక్ష లేకపోతే పాజిటివ్ లేదు, పాజిటివ్ లేకపోతే మీ పేజీలో చోటు లేదు.

2021 మే సంగతి మీకు నేను చెప్పాలా? ఫోనెత్తితే హలో బదులు "సీటీ స్కోరెంత, శాచురేషన్ ఎంత, ఎక్కడన్నా బెడ్ ఉందా" అనే రోజులవి. కర్నూలు వైపు నుంచి వచ్చే అంబులెన్సులను పుల్లూరు టోల్‌గేట్ దగ్గర మన పోలీసులే ఆపేశారు. హైకోర్టు మే 14న అడ్డుపడితే గానీ వదల్లేదు. ఉత్త ఫ్లూకి ఏ ప్రభుత్వమైనా సరిహద్దులో అంబులెన్సులను నిలబెడుతుందా? ఈ ప్రశ్న బాబాయిని అడిగితే మజ్జిగ అడుగుతాడు. తిరుపతి రుయా ఆస్పత్రిలో మే 10న ఆక్సిజన్ ట్యాంకర్ ఆలస్యమై 11 మంది పోయారని అధికారులే చెప్పారు. జులైలో రాజ్యసభలో కేంద్రం మాత్రం, ఆక్సిజన్ కొరతతో చనిపోయారని రాష్ట్రాలేవీ ప్రత్యేకంగా నివేదించలేదంది. మీ బంధువర్గం పెద్దదే.

అసలు విషయానికి వస్తాను. కొవిడ్‌తో పోయినవాళ్ల కుటుంబాలకు 50 వేల రూపాయలు ఇవ్వాలని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లో చనిపోతే, ఇంట్లో పోయినా సరే, కొవిడ్ మరణమే. దరఖాస్తు మీసేవలో పెట్టుకోవాల్సి వచ్చేది, జిల్లాలో కమిటీ తేల్చేది. ఒక కౌంటర్ ముందు లైన్లో ఒకావిడను చూశాను. బట్టల షాపు కవర్లో భర్త సీటీ ఫిల్మ్, మందుల చీటీలు, ఆస్పత్రి బిల్లులు, మరణ ధ్రువీకరణ పత్రం జెరాక్సులు. ఆపరేటర్ కుర్రాడు పాపం ఓపిగ్గానే అన్నీ తిరగేసి, "పాజిటివ్ రిపోర్టు ఏదమ్మా?" అన్నాడు. టెస్టు చేయించేలోపే ఆయాసం ఎక్కువైందట. ఆవిడ సీటీ ఫిల్మ్‌ను ట్యూబ్‌లైట్ వైపు ఎత్తి పట్టుకుని చూపించింది, "ఇదిగో నాయనా, మొత్తం తెల్లగా అయిపోలేదూ" అని.

ఇంతమందిని వడపోసిన తర్వాత కూడా ఏం తేలిందో చూడండి. 2022 జనవరిలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన లెక్క ప్రకారం, అప్పటికి తెలంగాణ అధికారిక మరణాలు 3,993. పరిహారానికి వచ్చిన దరఖాస్తులు దాదాపు 29 వేలు. ప్రభుత్వమే పరిశీలించి సరేనన్నవి 15 వేలకు పైగా. అంటే పోయింది నాలుగు వేల మందే, పరిహారానికి అర్హత తేలింది మాత్రం పదిహేను వేల కుటుంబాలకు. ఒకే సర్కారు, రెండు పుస్తకాలు.

30 రోజుల నిబంధనతో నిర్వచనం విస్తరించింది, అందుకే అంకె పెరిగింది అంటారు. ఒప్పుకుంటాను. మరి నిర్వచనం మారాక తమరెందుకు మారలేదు? ఖజానా నమ్మిన చావును బులెటిన్ నమ్మకపోతే ఎలా?

ఢిల్లీ లెక్కలూ ఇంతే. 2020, 2021ల్లో దేశంలో 47 లక్షల అదనపు మరణాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేస్తే, మీ పద్ధతే తప్పని కేంద్రం కోప్పడింది. ఆ అంచనా మీద నాకూ కొన్ని అనుమానాలున్నాయి, మోడళ్లతో కట్టిన లెక్క అది. కానీ 2025 మేలో బయటికొచ్చిన మన సొంత మరణాల నమోదు లెక్క చూస్తే, 2020లో 81 లక్షలున్నవి 2021లో 1 కోటీ 2 లక్షలయ్యాయి. ఒక్క ఏడాదిలో 20 లక్షలకు పైగా పెరుగుదల. నమోదు మెరుగుపడిందని కొంత తీసేసినా, ఆ ఏడాది అధికారిక కొవిడ్ మరణాలు మూడున్నర లక్షల లోపే. మిగతావాళ్లు దేనితో పోయినట్టు?

కాబట్టి తమరు ఒక్క సాయంత్రం మళ్లీ విడుదల కావాలి. 4,111 పక్కన, పరిహారం అందిన కుటుంబాల తుది సంఖ్య జిల్లాలవారీగా వేయండి. తిరస్కరించిన దరఖాస్తులెన్నో, ఎందుకో ఇంకో వరుసలో వేయండి. జబ్బులకు శాతాలు పంచిన ఆ పాత వరుసను కొట్టేయండి. కొత్త కమిటీ అక్కర్లేదు, కొత్త సర్వే అక్కర్లేదు. కావాల్సిన కాగితాలన్నీ కలెక్టరేట్లలో మీ వాళ్ల దగ్గరే ఉన్నాయి.

ఇట్లు,
తమరు సాక్ష్యానికి వచ్చిన ప్రతిసారీ ఓడిపోయే ఒక మేనత్త తరఫున,
మీ పాఠకుడు