గుట్ట గదియె యన్న: టీకా తాత్పర్య సహితం

మూలం (ఆటవెలది)

గుట్ట గదియె యన్న గుక్కలో నెక్కొచ్చు
నీళ్ల సీస యేల నిమిషమంతె
ఎండ చల్లబడెను యెక్కితే గానొచ్చు
బోధనంత చెరకు బొమ్మ వోలె

అవతారిక: ఆశ్వయుజమాసంలో ఒక ఆదివారం, మటన్ కూరతో భోజనం ముగిశాక, తణుకు నుంచి వచ్చిన చుట్టాన్ని ఉద్దేశించి నిజామాబాద్ వాస్తవ్యుడొకడు చెప్పిన పద్యమిది. కవి పేరు తెలియదు. ఇంటికొకడున్నాడు గనుక విచారించీ లాభం లేదు. కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మనకు మరీ దూరమేం కాదు, మంజీర నది ఎగువన మెదక్ జిల్లా కొల్చారం. ఈ పద్యం ఆయన కాలానికి పుట్టకపోవడం వల్ల పని నా మీద పడింది.

గుట్ట: ఏ గుట్ట? ఇక్కడే వ్యాఖ్యాతలు చీలిపోయారు. ఖిల్లా గుట్ట అని కొందరు. పైన రామాలయం ఉంది, నిజాం కాలంలో జైలు ఉండేది, దాశరథి, వట్టికోట ఆళ్వారుస్వామి బందీలుగా గడిపింది అక్కడే, దాశరథి బొగ్గుముక్కతో గోడల మీద పద్యాలు రాసిందీ అక్కడే. పద్యానికి అంతకు మించిన చోటు లేదన్నది నిజమే కానీ, ఖిల్లాకు మెట్లున్నాయి. మెట్లున్న గుట్టకు ఇన్ని ఊరడింపులెందుకు? డిచ్‌పల్లి రామాలయం గుట్ట అని మరికొందరు. అది హైదరాబాద్ దారి. బోధన్ చూపిస్తానన్నవాడు చుట్టాన్ని అటు తీసుకుపోడు. సమర్థ రామదాసు పునాది వేశాడని చెప్పుకునే హనుమాన్ గుడి ఉన్న సారంగాపూర్ వైపు గుట్టలని మా నిర్ణయం. గుడిదాకా ఆటో పోతుంది. పద్యం ఆ తర్వాత మొదలవుతుంది.

గదియె: అదే. ఈ మాట అనేటప్పుడు వేలు చూపరు, గదుమ ఎత్తుతారు. గదుమ చూపించేది మొదటి గట్టును. దాని వెనక రెండోది, రెండోదాని వెనక అసలుదీ ఉంటాయని ఎక్కాక గాని తెలియదు.

అన్న: సంబోధన. చుట్టం వరసకు బావ. అయినా ఏదైనా బరువు ఎత్తించాల్సి వచ్చినప్పుడు ఇందూరులో, అంటే నిజామాబాద్‌లో, అందరూ అన్నలే.

గుక్కలో నెక్కొచ్చు: ఒక్క గుక్కలో ఎక్కవచ్చు. ఎవరి గుక్క అనేది కవి చెప్పలేదు. తణుకు నేల బల్లపరుపు. అక్కడివారు ఎక్కేవి కాలవగట్లు, మేడలు. అందువల్ల అతిథి మొదటి గట్టు సగంలోనే బూటు లేసు కట్టుకుంటూ కూర్చున్నాడు. లేసు ఊడలేదు. ప్యాంటుకు మోకాలిదాకా ఉత్తరేణి గింజలు అంటుకున్నాయి. వాటిని ఒక్కొక్కటే ఏరడం అలసిన మనిషికి మర్యాదైన విశ్రాంతి.

నిమిషమంతె: ఒక్క నిమిషమే. శంక: గంటంబావు పట్టింది కదా? సమాధానం: కాలం కాలిచెప్పును బట్టి కాదు, కాలికింది రాయిని బట్టి లెక్కించాలి. ఈ దక్కను గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఆ లెక్కన కవి నిమిషమనడం కూడా దుబారాయే.

నీళ్ల సీస యేల: సీసా ఎందుకు? గమనించవలసిన సంగతి, కవి బయల్దేరే ముందు చెంబెడు నీళ్లు తాగాడు. మేఘసందేశంలో యక్షుడు మేఘానికి దారి చెబుతూ ఏ కొండ మీద ఆగాలో, ఏ నదిలో నీళ్లు నింపుకోవాలో కూడా చెప్పాడు. తనే నీరైన మేఘానికి అంత జాగ్రత్త చెప్పినవాడు ప్రేమికుడు. మనవాడు ఆతిథేయుడు. అయితే దోషం పూర్తిగా అంటదు: రెండో గట్టు పొదల్లో సీతాఫలాలున్నాయి. కళ్లు విచ్చి, ఒక పక్క పిట్ట పొడిచిన కాయను రెండుగా చీల్చి చేతిలో పెట్టాడు. చీమల్ని ఊదేసి అతిథి తిన్నాడు, గింజలు రాతి మీద ఉమ్మాడు, మొదటిసారి నవ్వాడు. దప్పిక మాత్రం పెరిగింది.

ఎండ చల్లబడెను: అప్పుడు మూడు గంటలు. శరదృతువంటే వెన్నెల అని కవులు నమ్మించారు. శరత్తుకు మధ్యాహ్నం కూడా ఉంటుందని ఆ వెన్నెలలో మరిచిపోతాం. వాన కడిగిన ఆకాశంలో ఎండకు అడ్డం ఏముంటుంది? బండ మీద చెయ్యి ఆనించిన అతిథి వెంటనే తీసేశాడు. చుట్టూ గునుగు, తంగేడు పూసి ఉన్నాయి. బతుకమ్మకు తెంపగా మిగిలినవి.

తాత్పర్యం: బావా, తిన్నది అరగాలి, పద.

బోధనంత చెరకు: విశేషమంతా ఈ పాదంలోనే. గట్టు మీదినుంచి పడమరకు చూస్తే పాతిక కిలోమీటర్ల అవతలి బోధన్ కనిపిస్తుందనడం అతిశయోక్తి, అలంకారశాస్త్రం ఒప్పుకుంటుంది. చెరకు సంగతే చిక్కు. మంజీర మీద 1931లో నిజాంసాగర్ పూర్తయింది, ఆ నీళ్ల మీద చెరకు పెరిగింది, ఆ చెరకు మీద 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది, ఫ్యాక్టరీ చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. గానుగ సీజన్ మొదలైందంటే ఎడ్లబండ్ల బారు, మొలాసిస్ వాసన. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతబడింది. సారంగాపూర్ సహకార చక్కెర ఫ్యాక్టరీ గానుగ అంతకు ముందే ఆగింది. చెరకు తోలడానికి చోటు లేని రైతు వరి వేశాడు, సోయా వేశాడు.

బొమ్మ వోలె: అతిథిది తణుకు. అదీ చక్కెర ఊరే, 1947లో పుట్టిన ఆంధ్రా షుగర్స్ ఊరు. వరినీ చెరకునూ ఎంత దూరం నుంచైనా వేరు చేయగలడు. పడమటి పచ్చదనాన్ని కాసేపు చూసి, "అదంతా వరి కదా బావా, చెరకేదీ?" అన్నాడు. కవి గదుమ ఎత్తి, "గదే, ఆ వరి ఉన్నకాడనే" అన్నాడు. 'చెరకు'ను ఇక్కడ భూతకాలంలో అన్వయించుకోవాలి. నామవాచకానికి కాలం లేదని వ్యాకరణవేత్తలు ఆక్షేపిస్తే, శక్కర్‌నగర్ గేటు దగ్గరికి వెళ్లి ఆక్షేపించమని మనవి.