రికార్డుబాబు

జంషెడ్‌పూరు పట్టణమును ఆనుకొని 193 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించిన డాల్మా అభయారణ్యమున ఏనుగులు కలవనియు, ఎలుగుబంట్లును అడవిపందులును కలవనియు పర్యాటకులందరును ఎరుగుదురు. కాని ఆ యరణ్యమున ఎన్నడును అడుగుపెట్టక, పట్టణములోని యొక కార్యాలయపు వెనుకగదిలో, ఇనుపబీరువాల నడుమ, కట్టలమీద కట్టలు పేర్చుకొని వాని సందున సుఖముగా జీవించు ప్రాణి మరియొకటి కలదని ఎరిగినవారు తక్కువ. ఆ ప్రాణినే కార్యాలయమువారు రికార్డుబాబు అందురు. సంరక్షణ యను మాట పలకమీద నున్న ప్రతి కార్యాలయమునను ఇట్టివాడొకడు తప్పక యుండును. అతడు ఏ భాషవాడైనను కావచ్చును. నేను వర్ణింపబూనినవాడు తాతలనాడు ఉక్కు కర్మాగారమున కూలికై శ్రీకాకుళమునుండి వచ్చి కదమాలో స్థిరపడిన కుటుంబమువాడు. శ్రీరామనవమికి బిష్టుపూరు రామమందిరమున పానకము పుచ్చుకొనునపుడు సైతము ఆ గ్లాసు ఏ సంవత్సరమున కొన్నదో విచారించువాడు.

కాగితమును ఆయన చదువుటకు ముందు వాసన చూచును. ఈ కట్ట వానలో తడిసినది, ఇది చౌకీలో పొయ్యిప్రక్కన నున్నది, ఇది గార్డు చొక్కాజేబులో మూడునాళ్లు చెమటకు నానినది అని ముక్కుతోడనే తీర్పు చెప్పును. చదివిన పిమ్మట చెప్పిన తీర్పులకంటె ఈ తీర్పులే సాధారణముగా నిజమగుచుండును.

మనుష్యులయెడ పరమశాంతుడైన ఈయనకు శత్రువులు ఇద్దరే: ఎలుక, చెద. అందు ఎలుకతోడి యుద్ధము బహుకాలము ధర్మయుద్ధముగా సాగినది. ఏలయన 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున అయిదవ షెడ్యూలు కాకిని, పండ్లు తిను గబ్బిలమును, ఎలుకను ఒకే పంక్తిని కూర్చుండబెట్టి హానికరజంతువులని ముద్రవేసినది. 2022లో చేసిన సవరణచట్టము ఆ షెడ్యూలును తొలగించినది మొదలు, బోనులో ఎండుకొబ్బరిముక్క గ్రుచ్చునపుడెల్ల ఆయన మొగమున ధర్మసందేహమొకటి తోచుచున్నది. చెదల విషయమున అట్టి సందేహమేమియు లేదు. సకలజీవరక్షణకై వెలసిన ఆ కార్యాలయమున నిత్యము జీవహింస జరుగు స్థలము ఆ వెనుకగది యొక్కటియే.

చెదలయందు ఆయనకింత పగ యేలయని యడిగినచో చరిత్ర నెత్తుకొనును. భూగర్భశాస్త్రజ్ఞుడు ప్రమథనాథ బోసుగారు మయూర్‌భంజ్ సంస్థానమున ఇనుపరాయి సమృద్ధిగా నున్నదని జంషెడ్జీ టాటాగారికి 1904 ఫిబ్రవరి 24న ఉత్తరము వ్రాసిరి. ఆ ఉత్తరమే నడిపింపగా సాక్చీ యను పల్లెయొద్ద కర్మాగారము లేచినది, 1912లో ఉక్కు వెలువడినది, 1919లో ఆ పల్లెకు జంషెడ్‌పూరను పేరు వచ్చినది. కెన్నెడీ, టెంపుల్, స్టోక్సు, కోనిగ్స్‌బర్గరు అనువారు ఒకరివెనుక నొకరుగా పట్టణమునకు ప్లానులు గీచిరి. "ఆ ఒక్క ఉత్తరాన్ని చెద తినివుంటే ఈ ఊరే లేదండీ!" అని ఆయన గద్గదికతో ముగించును. ఉత్తరము పోయియుండినచో ఇదంతయు నేటికిని అడవిగానే యుండెడిది కదా, అడవిశాఖకు లాభమే కదా అని నేనొకమారు సాహసించి పలికితిని. ఆయన క్షణకాలము యోచించి, "అప్పుడు మా ఆఫీసు సాక్చీలోనే వుండేది" అని యొప్పుకొనెను.

అభయారణ్యమునకు యాజమాన్య ప్రణాళిక వ్రాయుటకై వచ్చిన యువాధికారికిని ఈయనకును జరుగు సంభాషణము వినదగినది.

"బాబుగారూ, గత పదేండ్ల పంటనష్టపు అర్జీలు కావాలి."

"ఉన్నాయి సార్. తమరు కాగితంమీద అడగాలి."

"నోటితో అడుగుతున్నాను కదా!"

"నోటిమాటకు చెదపట్టదు, నిజమే సార్. కాని అది బీరువాలో నిలవదు."

అధికారి పండ్లు కొరుకుచు వ్రాసియిచ్చును. ఈ ఘట్టమున సామాన్యముగా పాఠకుల సానుభూతి అధికారివైపు మొగ్గును; నాదియు మొదట అట్లే మొగ్గినది. కాని తరువాత జరిగినది చూడవలెను. డాల్మా ఏనుగులు వరి పండు కాలమున తూర్పుగా వంగదేశపు బాంకుడా, మేదినీపుర ప్రాంతములకు దిగి, వేసవికి మరల కొండమీది నిచ్లా బాంధ్, మఝలా బాంధ్ వంటి మడుగులకు చేరును. అవి ఏ దారిని పోయినవో ఏనుగులు వ్రాసిపెట్టవు. వ్రాయువాడు చేను పోగొట్టుకొన్న రైతు: ఫలానా ఊరిలో, ఫలానా రాత్రి, ఇన్ని ఏనుగులు, ఇంత వరి. ఆ అర్జీలు పరిహారమునకై వ్రాసినవి. పరిహారము ముట్టినను ముట్టకున్నను మూలబడినవి. రికార్డుబాబు వానిని గ్రామములవారీగా గాక తేదీలవారీగా కట్టియుంచెను. అధికారి ఆ వరుసను పటముమీద చుక్కలుగా పెట్టుకొనుచు పోగా, సాయంకాలమునకు ఆ చుక్కలు కలిసి మందనడచిన బాటయైనవి. కందకము ఎచ్చట త్రవ్వరాదో, పూడిన మడుగులలో దేనిని ముందు పూడికతీయింపవలెనో దానంతటదియే తేలినది. మన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు మెకంజీ దొరకై ఊరూర కైఫీయతులు సేకరించినపుడు వానితో రాబోవు తరములు ఏమి చేయునో వారెరుగుదురా? రికార్డుబాబును ఎరుగడు, ఎరుగవలెనని కుతూహలమును లేదు. పటము సిద్ధమైనదని అధికారి ఉత్సాహముతో చూపబోగా, "అర్జీలన్నీ తిరిగొచ్చాయా సార్?" అని మాత్రమడిగి లెక్కించుకొనెను. ఒకటి తగ్గెను. అది అధికారి టీకప్పు క్రింద దొరకెను. అంచున పడిన మరకను చూచి ఆయన ఆ పూట భోజనము మానెనని వినికిడి.

ప్రణాళిక అచ్చయినది. కృతజ్ఞతల పుటలో ఉపగ్రహచిత్రములిచ్చినవారి పేరున్నది గాని ఈయన పేరు లేదు. ఆయన ఆ లోపమును గమనింపనేలేదు. గమనించినదెల్ల పదిపుటలకు సంఖ్యలు పడలేదనియే. వానిని తానే పెన్సిలుతో వేసి, పుస్తకమునకు అట్టతొడిగి, వేపాకు పెట్టి బీరువాలో చేర్చెను.

కావున పాఠకులకు ఆయన తరఫున నా విన్నపమిది: మీరు ప్రభుత్వమునకు అర్జీ వ్రాయునపుడు, అది ఏనుగునుగూర్చినదైనను వీధిదీపమునుగూర్చినదైనను సరియే, ఊరిపేరు స్పష్టముగా వ్రాసి, సంతకము క్రింద తేదీ వేయుడు.