పదిహేను బార్ల పరాక్రమం

ఇంట్లో మంచి కాఫీ తాగాలనుంది అని పైకి అన్నారో, సలహాదారులంతా మిమ్మల్ని చెయ్యి పట్టుకుని మెషీన్ల దగ్గరికి నడిపిస్తారు. తళతళలాడే స్టీలు, గుండ్రటి ప్రెషర్ మీటరు, పాలు నురగలెత్తించే సన్నటి గొట్టం, అట్టపెట్టె మీద పెద్ద పెద్ద అక్షరాల్లో 15 బార్. కొందరు 20 అని కూడా వేస్తారు. అంకె పెరిగితే ధర పెరుగుతుంది, ధర పెరిగితే కొన్నవాడికి భక్తి పెరుగుతుంది. మెషీను గృహప్రవేశం అయిపోయాక అందులో వేసే పొడి ఎప్పుడు వేయించిందో, ఎప్పుడు మర పట్టిందో, అందులో కాఫీ ఎంతో చికోరీ ఎంతో అడిగే దిక్కుండదు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు అన్న సామెత ఇలాంటి వంటిళ్ళను చూసే పుట్టి ఉండాలి. ఇంటి కాఫీ బాగుపడాలంటే డబ్బు ముందు గింజ మీద, ఆ తర్వాత దాన్ని పొడి చేసే మర మీద పెట్టాలి. తక్కిన సరంజామా సంగతి తర్వాత చూసుకోవచ్చు. బజారు ఈ వరసను తలకిందులు చేసి అమ్ముతోంది, మనం సంతోషంగా వాయిదాల్లో కొంటున్నాం.

ముందు ఆ పదిహేను బార్ల సంగతి తేల్చుకుందాం. 1940ల చివర్లో మిలాన్‌లో అకిలె గజ్జా చేతిపిడి లాగే యంత్రం తెచ్చి, వేడినీళ్ళను గట్టి ఒత్తిడితో పొడిలోంచి దించాడు. ఎస్ప్రెస్సో మీద తేనెరంగు నురగ నిలిచింది దాంతోనే. 1961లో ఫేమా కంపెనీ తన ఇ61 మెషీన్లో ఆ పనిని మనిషి చేతి నుంచి కరెంటు పంపుకు అప్పజెప్పింది. స్థిరపడిన ఒత్తిడి 9 బార్. ఇటాలియన్ ఎస్ప్రెస్సో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ రాసి పెట్టుకున్న కొలతలు కూడా అవే: 7 గ్రాముల పొడి, 25 సెకన్లు, కప్పులో 25 మిల్లీలీటర్లు, ఒత్తిడి 9 బార్, కాస్త అటూ ఇటూ. ఎస్ప్రెస్సో పుట్టింటివాళ్ళకు తొమ్మిది చాలితే మన వంటింటి గట్టుకు పదిహేను ఎందుకు కావలసి వచ్చింది? అట్టపెట్టె మీది 15 అనేది లోపలున్న చిన్న పంపు, నీళ్ళు ఎటూ పోకుండా మూసేస్తే, చూపగల గరిష్ఠ బలం. కాఫీ దిగేటప్పుడు పొడి మీద అంత ఒత్తిడి పడకూడదు. శ్రద్ధగా చేసిన మెషీన్లలో దాన్ని తొమ్మిది దగ్గరికి దించడానికి పనిగట్టుకుని ఒక వాల్వు బిగిస్తారు. అంటే ఎక్కువ డబ్బు పోసి కొన్న బలాన్ని తగ్గించడానికి ఇంకొంచెం డబ్బు పోయాలి.

నురగ వస్తోంది కదా, ఇంకేం కావాలి అంటారు. వస్తుంది. ఎలా వస్తోందో తెలియాలంటే చౌక మెషీనుతో పాటు ఇచ్చే చిల్లుల గిన్నెను, అదే పొడి వేసేదాన్ని, చేతిలోకి తీసుకుని వెలుతురుకు ఎత్తి పట్టండి. లోపలివైపు జల్లెడలా బోలెడు చిల్లులు. తిరగేస్తే అడుగున ఒకే ఒక్క సూదిబెజ్జం. పొడి ఎంత ముతకదైనా, ఎన్నాళ్ళ పాతదైనా, కాఫీ మొత్తం ఆ ఒక్క బెజ్జంలోంచే చిమ్ముకుంటూ రావాలి కాబట్టి గాలి కలిసి నురగ కడుతుంది. అసలైన నురగకు మూలం తాజాగా వేయించిన గింజలో ఉండిపోయిన కార్బన్ డయాక్సైడ్. రోజులు గడిచేకొద్దీ గింజ ఆ వాయువును వదిలేస్తుంది, నురగా పల్చబడుతుంది. అంటే గింజ తాజాదా కాదా అని చెప్పాల్సిన సాక్షి ఆ నురగ. బెజ్జం పెట్టి ఆ సాక్షిని కొనేశారు. తయారీదారును అని లాభం లేదు. వచ్చే పొడి పాతదేనని ఆయన ముందే ఊహించి మన పరువు కాపాడే ఏర్పాటు చేశాడు.

లెక్క కూడా వేద్దాం. 60,000 రూపాయల మెషీను, రోజుకు రెండు కప్పులు, ఐదేళ్ళ మన్నిక అనుకుంటే మొత్తం 3,650 కప్పులు. కప్పుకు మెషీను ఖర్చే 16 రూపాయలు దాటింది, కరెంటు, రిపేర్లు కాక. కిలో 1,200 రూపాయల గింజలు తెచ్చి కప్పుకు పది గ్రాములు వేస్తే పన్నెండు రూపాయలు. మెషీనుకు కళ్ళు మూసుకుని కార్డు గీకిన ఇల్లే గింజల దగ్గరికొచ్చేసరికి కిలో పన్నెండు వందలా అని గుండె పట్టుకుని, ఐదు వందల పొడికి దిగి, కప్పుకు ఏడు రూపాయలు మిగుల్చుకుంటుంది.

అలా మిగిల్చిన ఏడు రూపాయలు ఎటు పోయాయో ప్యాకెట్టే చెబుతుంది, చదివే ఓపిక ఉంటే. మన ఆహార నిబంధనల ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఏది ఎంతో ప్యాకెట్ మీద వేయాలి. కాఫీ 53, చికోరీ 47 అని వేసినవి కిరాణా కొట్లలో మామూలే. చికోరీ అంటే ఒక మొక్క వేరు. ఎండబెట్టి, వేయించి, పొడి చేస్తారు. కెఫీన్ ఉండదు, రంగూ చిక్కదనమూ చేదూ దండిగా ఉంటాయి. అరవై వేల మెషీను బిగించి, ఇటలీ ఇంజనీరింగ్ అంతా వెచ్చించి, దాదాపు సగం వేరు కషాయం కాచుకుంటున్నామన్నమాట. చికోరీ మన సంప్రదాయం, అమ్మ చేతి ఫిల్టర్ కాఫీలో అది లేకపోతే ఎలా అని కొందరికి కోపం రావచ్చు. నిజమే, చిక్కటి పాలకు తట్టుకుని నిలబడాలంటే డికాక్షన్‌లో కాస్త చికోరీ ఉంటే అందమే. వందకు పదిహేనో ఇరవయ్యో కావాలని కలుపుకునేవాళ్ళతో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా నలభై ఏడు తాగుతూ, కాఫీ వాసన రావడం లేదని మెషీను మార్చేవాళ్ళతోనే.

నిజానికి సరంజామాలో డబ్బు పెట్టదగ్గది ఒకటుంది, దాన్నే ఎవరూ ఫొటో తీసి పెట్టరు. అది మర. గింజల్ని మిక్సీ జార్లో వేసి తిప్పితే బ్లేడు అడ్డదిడ్డంగా నరుకుతుంది. పిండీ రవ్వా ఒకే జార్లో తయారవుతాయి. పిండిలోంచి అక్కర్లేని చేదు కూడా నీళ్ళలోకి దిగిపోతుంది, రవ్వ లోపలి రుచి లోపలే ఉండిపోయి పులుపు మాత్రం బయటికొస్తుంది. రెండూ ఒకే గ్లాసులో మనకు దక్కుతాయి. ఈ సంగతి మన ఇత్తడి ఫిల్టర్ కన్నా నిక్కచ్చిగా చెప్పేది లేదు. పొడి మరీ మెత్తనైతే పై గిన్నెలో నీళ్ళు ఎంతకీ దిగవు, దిగిన కాసింతలోనూ అడుగున బురద. మరీ ముతకైతే మూత పెట్టేలోపే సరసరా దిగిపోయి కింద టీ రంగు నీళ్ళు. రెండు పళ్ళ చక్రాల మధ్య గింజను నలిపే బర్ గ్రైండర్ రేణువుల్ని దాదాపు ఒకే సైజులో ఇస్తుంది. చేత్తో తిప్పేదైతే కొద్ది వేలలోనే వస్తుంది. పొద్దున్నే లేచి ఎవడు తిప్పుతాడు అంటే, న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు మన ఊళ్ళలో ఎప్పటినుంచో ఉంది: కళ్ళ ముందే గింజ మర పట్టి ఇచ్చే కాఫీ పొడి దుకాణం. వారానికోసారి వెళ్ళి వంద గ్రాములు పట్టించుకోవచ్చు. కానీ మనం తగ్గింపు ధర అని కిలో తెచ్చి, ఫ్రిజ్‌లో అల్లం వెల్లుల్లి ముద్ద పక్కన చోటిస్తాం. పొడి అయ్యాక కాఫీ తన వాసన తొందరగా పోగొట్టుకుంటుంది, పక్కవాళ్ళ వాసన అంతకంటే తొందరగా పట్టించుకుంటుంది. నీళ్ళ సంగతి రెండు ముక్కల్లో: నల్ల కాఫీలో 98 శాతానికి పైగా నీళ్ళే, ఖనిజాలన్నీ ఊడ్చేసిన ఆర్వో నీళ్ళతో ఎంత మంచి గింజైనా చప్పబడుతుంది.

గింజ మీద ఖర్చు పెట్టమన్నాను కదా అని గింజ వెనకున్న కథ మీద పెట్టేవాళ్ళూ తయారయ్యారు. పండులో రెండు గింజలుండాల్సింది ఒక్కటే గుండ్రంగా పెరిగితే పీబెర్రీ. అది ఆకారం పేరు, అది ఎన్నాళ్ళ కిందట వేయించిందో ఆ పేరు చెప్పదు. ఇండోనేషియా లువాక్ కాఫీ ఇంకో మెట్టు పైన: పునుగు పిల్లి పండు తిని విసర్జించిన గింజలు. అడవిలో తిరిగే పిల్లి మంచి పళ్ళు ఏరుకుని తింటుందన్న కథతో మొదలై, పిల్లిని బోనులో పెట్టి పళ్ళు మేపేదాకా వచ్చింది ఆ వ్యాపారం. తిరుమలలో స్వామివారికి పునుగు తైలం పూస్తారు. పిల్లికి ఆ గౌరవం చాలు, మన గ్లాసు దాకా రానక్కర్లేదు. ఇక ప్యాకెట్ మీద మల్లెపూల పరిమళం, నారింజ తొక్క రుచి అని చదివి నూటికి నూరు శాతం అరబికా కొని, అందులో అరగ్లాసు గేదెపాలూ రెండు చెంచాల పంచదారా పోసేవాళ్ళ గురించి ఏం చెప్పాలి? పాలతో తాగేవాళ్ళకు కాస్త ముదురుగా వేయించిన గింజ, అందులో కొంచెం రోబస్టా కలిసినా తప్పులేదు. దానికి చిక్కదనం ఎక్కువ, కెఫీన్ అరబికాకు దాదాపు రెట్టింపు.

అరకు కాఫీకి మనం చేసే మర్యాద వేరు. అల్లూరి సీతారామరాజు జిల్లా గిరిజన రైతులు సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల పక్కన పండించే అరబికా అది. 2017లో పారిస్‌లో దాని పేరుతో దుకాణం తెరిచారు, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఫ్రెంచివాళ్ళు తాగాక మనకూ నమ్మకం కుదిరింది. బొర్రా గుహలకు వెళ్ళినవాళ్ళు ఇప్పుడు తప్పకుండా ఒక ప్యాకెట్ తెస్తారు, షోకేసులో ఏటికొప్పాక బొమ్మల సరసన పెడతారు, మరుసటేడు చుట్టాలొచ్చినప్పుడు విప్పి, ఇంతేనా అరకు కాఫీ అని పెదవి విరుస్తారు.

రుచి ఎవరిష్టం వాళ్ళది కదా, మీకెందుకు బాధ అని చివరగా ఒక మాట వినిపిస్తుంది. ఇష్టం ఎవరిదైనా, పాతబడిన పొడి ఎవరి గ్లాసులోనైనా పాతదే. ఎస్ప్రెస్సో మీద నిజంగా మోజున్నవాళ్ళు మెషీను కొనుక్కోవచ్చు, ఒత్తిడి లేకుండా అది తయారవదు. కాకపోతే ముందు ఈ వారం పొడి కొనేటప్పుడు ప్యాకెట్ తిప్పి కాఫీ శాతం ఎంతో, వేయించిన తేదీ ఏదో చూడండి. తేదీ లేకపోతే కొట్టాయన్ని అడగండి. ఆయన ముఖం చిట్లిస్తే ఇంకో కొట్టు చూసుకోండి. మెషీను మీద ఆఫర్ ఎక్కడికీ పోదు, దసరాకూ ఉంటుంది, దీపావళికీ ఉంటుంది.