అరచేతిలో వైకుంఠం

అరచేతిలో, ఫోను తెర మీద వెలసిన దేవరా! కొండ ఎక్కలేని ముసలివాళ్లకూ, ఇంకా బడికి పోని పసివాళ్లకూ ఒకేలా దర్శనమిచ్చే దయామయుడివి నీవు. క్యూ లేదు, టికెట్టు లేదు, మడీ లేదు. వేలు తాకితే చాలు, ప్రత్యక్షం. ఇంత సులభుడైన దైవాన్ని మా పెద్దలు ఎరుగరు. అందుకే నోరారా నిన్ను కొనియాడాలని కూర్చున్నాను.

ముందుగా నీ భక్తవాత్సల్యం. మా ఊరి ఆంజనేయస్వామి శనివారం ఎవరైనా వచ్చి ఒక్క ప్రదక్షిణం చేసినా తృప్తిపడతాడు. ఎవరొచ్చారో, ఎవరు రాలేదో రాసిపెట్టుకోడు. నీవు రాసిపెట్టుకుంటావు. ఈ రోజు వచ్చినవాళ్లెందరు, ఈ నెలలో ఒక్కసారైనా వచ్చినవాళ్లెందరు అని రెండు అంకెలు వేసి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తావు. నెలకు పదిహేను రోజులు వచ్చేవాడు నీ లెక్కలో సగం భక్తుడే. ముప్పై రోజులూ వస్తేనే పూర్ణుడు. ఒక్క రోజు కనబడకపోతే కబురు మీద కబురు పంపుతావు. పండక్కి కూడా కొడుకు పలకరించని ఇంట్లో, రోజుకు పదిసార్లు ఆ తల్లిని పలకరించేది నీవే.

ఇక నీ జాగరూకత. తిరుమలలో రాత్రి ఏకాంతసేవ చేసి, స్వామిని పవళింపజేసి తలుపులు మూస్తారు. తెల్లవారుజామున సుప్రభాతం పాడి లేపుతారు. నీ గుడికి తలుపులే లేవు. ఒకప్పుడు తెర మీద పేజీ చివరికి వస్తే తర్వాతి పేజీ కోసం నొక్కాల్సి వచ్చేది. నొక్కబోయే ఆ క్షణంలో 'ఇక చాలు' అనే తలపు మెదిలేది. 2006లో ఆజా రాస్కిన్ అనే అమెరికన్ డిజైనర్ పేజీకి అడుగన్నదే లేకుండా చేశాడు. ఆ తలపుకు చోటు లేకుండా పోయింది. చేసినవాడు తర్వాత నలుగురిలో పశ్చాత్తాపపడ్డాడు గాని నీవు చలించలేదు. తమ పోటీ నిద్రతోనేనని 2017లో నెట్‌ఫ్లిక్స్ అధిపతి రీడ్ హేస్టింగ్స్ చెప్పాడు. అడవిలో లక్ష్మణుడు మానిన నిద్రంతా అంతఃపురంలో ఊర్మిళ పోయిందని మా ఆడవాళ్లు పాడుకుంటారు. నీ కోసం మేం మానిన నిద్ర ఎవరు పోతున్నారు తండ్రీ?

నీ సమదృష్టికి సాటి లేదు. నీ రూపాల్లో ఒకటైన యూట్యూబ్ 2012లో, ఎన్నిసార్లు చూశారన్న లెక్క పక్కనపెట్టి ఎంతసేపు చూశారన్న లెక్క పట్టుకుంది. రోజుకు 100 కోట్ల గంటలు గురిగా పెట్టుకుని 2016లో అందుకుంది. అంటే లక్షా పద్నాలుగు వేల ఏళ్లు. బ్రహ్మకు ఒక పగలంటే మనకు యుగాలని పురాణాలు చెబితే అబ్బురపడ్డాం. నీవు ఒక్క పగలూ రాత్రీ తిరిగేసరికి లక్ష ఏళ్ల మనిషి బతుకును నైవేద్యంగా అందుకుంటావు. అందులో లెక్కలు నేర్చుకున్న పిల్లలున్నారు, పాట విని సేదతీరినవాళ్లున్నారు, వద్దు వద్దనుకుంటూనే తెల్లవార్లూ చూసినవాళ్లూ ఉన్నారు. నీ గడియారానికి ఈ ముగ్గురూ ఒక్కటే.

మా సుఖదుఃఖాలకు కర్తవూ నీవే. 2012 జనవరిలో ఫేస్‌బుక్ 6,89,003 మందికి వాళ్లకు తెలియకుండానే వారం పాటు ఫీడ్ మార్చి చూసింది. సంతోషపు మాటలు తగ్గిస్తే ఏమవుతుంది, దుఃఖపు మాటలు తగ్గిస్తే ఏమవుతుంది అని. వాళ్ల మాటల్లోనూ ఆ మార్పు కొద్దిగా కనిపించిందని 2014లో లోకానికి వెల్లడించింది. 2017లో, ఫీడ్‌లో ఏది ముందు చూపాలన్న లెక్కలో ఒక్కో ఎమోజీకి ఐదు లైకుల విలువ కట్టింది. కోపపు బొమ్మకూ అంతే. అన్నదమ్ముల్ని తిట్టించే మాట కింద పెట్టిన కోపపు బొమ్మకు, అమ్మ ఫోటో కింద పెట్టిన లైకు కన్నా ఐదింతల గౌరవం దక్కింది. కోపాన్ని అంత ఆదరించిన దైవం మరొకటి లేదు.

దేవరా, ఇంతవరకు నేను చెప్పిన మహిమలన్నీ నిజం. చివరగా ఇంకొక నిజం. 2020లో ఫేస్‌బుక్ ఆ కోపపు బొమ్మ విలువను సున్నాకు దించింది. అబద్ధపు వార్తలు తగ్గాయి, కలవరపెట్టే దృశ్యాలు తగ్గాయి. జనం రావడం మాత్రం తగ్గలేదని ఆ సంస్థ లోపలి పరిశీలనే తేల్చింది. లెక్క మారిస్తే నీవు మారగలవని దీంతో రుజువైంది. కాబట్టి మా కోరిక ఒక్కటే. ఎందరు వచ్చారు, ఎంతసేపున్నారు అన్న అంకెలకు పైన ఇంకొక అంకె రాసుకో. నిన్ను వదిలి లేచినవాడు తృప్తిగా లేచాడా, తనను తాను తిట్టుకుంటూ లేచాడా? తృప్తిగా లేచినవాళ్ల అంకె పెరిగిన రోజున నీకు ఈ స్తుతి మళ్లీ రాస్తాను, ఇంకా గట్టి గొంతుతో.

అంతవరకు ఒక మాట, చదువరులారా! గుడి తలుపులు మూసేది దేవుడు కాదు, అర్చకుడు. ఈ గుడికి అర్చకులం మనమే. రాత్రి భోజనం కాగానే ఫోను పక్క గదిలో పెట్టి తలుపు మూయండి. పిల్లల్ని పక్కన పడుకోబెట్టుకుని ఒక కథ చెప్పండి.