చెంచా చేసిన నేరమేమిటి బావగారూ?

స్టీలు చెంచాలు కోసి గాలాలు తగిలిస్తున్నానని అక్క చెప్పగానే, "డాలర్లు సంపాదిస్తూ ఇదేం పిసినారితనం" అని ఎత్తిపొడిచారు. కాసేపు చెంచా తరఫు వకీలుగా వాదించనివ్వండి.

ఈ డెట్రాయిట్ పక్క చెరువుల్లో పైక్ అనే చేప ఉంటుంది. పొడుగు మూతి, నోటినిండా పళ్లు. కదిలే చేపపిల్ల కనిపిస్తే ఊరుకోదు. దాన్ని రెచ్చగొట్టేది రుచికన్నా కదలిక. ఒంటికి రెండు పక్కలా ఉన్న పార్శ్వరేఖతో నీటిలో చిన్న అలజడినైనా పసిగడుతుంది. చెంచాకి ఒకవైపు గుంట, ఒకవైపు ఉబ్బు. నీళ్లలో లాగితే తిన్నగా రాలేక అటూ ఇటూ ఒరుగుతూ, దెబ్బతిన్న చేపపిల్లలా వస్తుంది. జూలియో బ్యూయెల్ అనే ఆయన ఈ కిటుకుకి 1852లోనే పేటెంట్ తీసుకున్నాడు. తింటూ తింటూ చెంచా చెరువులో జారవిడిస్తే చేప వచ్చి పట్టుకుపోయిందట. కథను నమ్మకపోతే మానెయ్యండి, పేటెంట్ మాత్రం నిజం. అంటే అసలు సరుకు ఆ వంపే. వంపు తిప్పడానికి సుత్తి చాలు.

"కొట్లో కొన్నవాటికి రంగులుంటాయిగా" అంటారు. ఉంటాయి. 1906లో ఇక్కడే లూ ఎపింగర్ మొదలుపెట్టిన చెంచా ఎరల్లో ఎరుపు తెలుపు చారలది నేటికీ ప్రసిద్ధం. కానీ నీళ్లలో లోతుకి పోయేకొద్దీ మొదట మాయమయ్యేది ఎరుపే. ఆ రంగుకు చేపకన్నా ముందు పడేది కొనేవాడు. పనితనం రేకులో ఉంది: మందంగా ఉంటే దూరం పడి త్వరగా మునుగుతుంది, పలచనైతే మెల్లగా లాగినా ఊగుతుంది. రంపంతో కాడ కోసి, అంచులు ఆకురాయితో నున్నగా రాయాలి, లేదంటే దారం తెగుతుంది. బెజ్జం దగ్గరే స్టీలు మొండికేస్తుంది. డ్రిల్లు వేగంగా తిప్పితే కోసుకోకుండా రాసుకుని, ఆ చోటు ఇంకా గట్టిపడుతుంది. ముందు మేకుతో చిన్న గుంట కొట్టి, నూనె చుక్క వేసి, నెమ్మదిగా గట్టిగా నొక్కాలి. చెంచాను చేత్తో పట్టుకోకూడదు, గిర్రున తిరిగితే వేళ్లు పోతాయి. సన్నకొనకి దారం, వెడల్పు కొనకి రింగుతో మూడుముళ్ల గాలం.

గాలం మాత్రం కొనాల్సిందే. అంత పదును ఇంట్లో రాదు, అక్కడ స్వదేశీ వ్రతం పనికిరాదు. బరువు కోసం సీసం కరిగించి పోసుకోమన్నారు మీరు. 327 డిగ్రీలకే కరుగుతుంది నిజమే, కానీ ఆ పొగ వంటింట్లోనా? పైగా సీసం గుండ్లు మింగి లూన్ అనే నీటిపక్షులు చస్తున్నాయని వెర్మాంట్, న్యూ హ్యాంప్‌షైర్ లాంటి రాష్ట్రాలు చిన్న సీసం గుండ్లను నిషేధించాయి. ఇక అమ్ముకోమన్న మీ సలహా: వ్యాపారంగా చేసి అమ్మితే చేపల వేట సరుకు మీద 10 శాతం కేంద్ర పన్ను కట్టాలి. పనిముట్ల ఖర్చు కలిపితే మొదటి చెంచా కొట్టు ధరకన్నా ఎక్కువే. ఒప్పుకుంటాను. ఆ రంపం, ఆకురాయి తర్వాతి చెంచాలకూ పనికొస్తాయి కదా.

మీ చెల్లెలి అభ్యంతరానికే జవాబు లేదు: ఆరు చెంచాల సెట్టులో ఆరూ ఉండాలట. అందుకని అటకమీది పాత ఇత్తడి చెంచాలు ఎవరైనా ఇటొచ్చేవాళ్ల చేత పంపండి. ఇత్తడి స్టీలుకన్నా మెత్తన, సుత్తికి లొంగుతుంది. అక్కకి మాత్రం పూజకని చెప్పండి.

ఇట్లు,
మీ బావమరిది