తోక తెగిన టేపు

రాయచోటికి వచ్చిన రోజే నా తోక కోశారు. కువైటు గోడల్లో రంధ్రాలు చదరంగా ఉంటాయి. వాటికి తగ్గట్టు నా వైరు చివర లావుపాటి మూడు పిన్నుల ప్లగ్గు ఉండేది. ఇక్కడ గోడకున్నవి గుండ్రటి రంధ్రాలు. వీధి చివరి కరెంటాయన నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఈడ దూరదబ్బా" అని కటింగ్ ప్లేయరు తీసి ఒక్క నొక్కు నొక్కాడు. రెండు పిన్నుల నల్ల ప్లగ్గు బిగించి స్విచ్చి వేస్తే నా ఎర్ర దీపం వెలిగింది. అది 1984 ఎండాకాలం. రాయచోటి జిల్లా తర్వాత మారింది గానీ, నేను దిగిన నాటికి కడప జిల్లానే.

నన్ను టూ ఇన్ వన్ అనేవారు. అంటే రేడియో, టేప్ రికార్డర్ కలిసిన పెట్టె. పుట్టింది జపానులో, కొన్నది కువైటులో. కొన్నాయన అక్కడ ఒక ఇంట్లో డ్రైవరు. రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా కువైటులో మనిషి లేని వీధి కనపడదు. చెనిక్కాయ పంట రెండేళ్లు వరసగా ఎండితే, మూడో ఏట పాస్‌పోర్టుకు అర్జీ పెట్టాల్సిందే. ఈయనా అట్లా పోయినవాడే. తిరిగి సెలవులో వచ్చేటప్పుడు అందరి లాగే దుప్పటి, సెంటు సీసాలు, టైగర్ బామ్, నన్నూ తెచ్చాడు. అందరూ తేనిది ఇంకొకటి కూడా తెచ్చాడు. ఆ ఇంటి యజమానిని బాబా అంటారు. బాబా కొడుకు లండన్‌లో చదువుకునేవాడు. గది సర్దుతూ వద్దనుకున్న నాలుగు ఇంగ్లీషు క్యాసెట్లు ఈయన చేతిలో పెట్టాడట. పారేయడం తెలియని చేతులవి. పెట్టెలో చీరల నడుమ పెట్టి తెచ్చేశాడు.

మొదటి రాత్రి మట్టిమిద్దె ముందు, కడప బండలు పరిచిన అరుగు మీద నన్ను కూర్చోబెట్టి, ఆ నాలుగింట్లో ఒకటి తోశారు. చుట్టూ ముప్పై మంది. అందరూ రామారావు పాటేదో వస్తుందని కూర్చున్నారు. వచ్చింది బ్లాండీ వాళ్ల 'పారలల్ లైన్స్', 1978 నాటిది. అందులో 'హార్ట్ ఆఫ్ గ్లాస్' అనే పాట మొదలయ్యేది మనిషి వాయించిన డప్పుతో కాదు, రోలాండ్ కంపెనీ తాళం పెట్టె టికటికతో. డెబ్బీ హ్యారీ గొంతు ఆ టికటిక మీద నూనెలాగా జారుతుంది. మా జేజి ఒక నిమిషం విని, "ఇదేందిరా, పిండిమిల్లు పక్కన ఆడమనిషి పాడినట్టుండాది" అంది. అందరూ నవ్వారు. తర్వాత ఎన్ని మాటలు విన్నా, ఆ సంగీతం గురించి అంత సూటిగా చెప్పినవాళ్లు నాకు తగల్లేదు.

ఎందుకంటే ఆ సంగీతానికి పేరు న్యూ వేవ్. అందులో అసలు సంగతి పిండిమిల్లే.

1976, 77లో లండన్, న్యూయార్క్‌లలో పంక్ అనే అల్లరి లేచింది. మూడు గిటార్ కార్డులు, రెండు నిమిషాలు, గొంతు చించుకోవడం. రేడియోవాళ్లు ఆ పేరు వింటేనే తలుపులేసుకున్నారు. అప్పుడు సైర్ రికార్డ్స్ యజమాని సీమోర్ స్టైన్, తన దగ్గరున్న బృందాలను అమ్ముకోవడానికి, ఫ్రెంచి సినిమావాళ్లు అంతకుముందే వాడిన మాటను అరువు తెచ్చుకుని న్యూ వేవ్ అన్నాడు. ఆ మాట వాడింది ఆయనొక్కడే కాదు గానీ, దాన్ని అంగడి బోర్డు చేసింది ఎక్కువగా ఆయనే. సంతలో పుట్టిన పేరు కాబట్టే దానికి గట్టు లేదు. పోలీస్ బృందం న్యూ వేవా కాదా అని నేటికీ కొట్టుకుంటారు. (వాళ్లు 1980లో బొంబాయిలో పాడి పోయారు కూడా.) నా దగ్గర ఒక కొలత ఉంది. యంత్రాన్ని వాయిద్యం లాగా నటించమనకుండా, యంత్రం లాగే మాట్లాడనిస్తే అది న్యూ వేవ్. సింథసైజర్‌ను వయొలిన్ లాగా ఏడిపించరు, కీ... మని దాని గొంతుతోనే పలికిస్తారు. పాడేవాడు కూడా ఏడవడు. బస్టాండులో మైకులో బస్సుల వేళలు చెప్పినట్టు తన గుండె పగిలిన సంగతి చెప్తాడు. ఒప్పుకోనివాళ్లు ఉంటారు. నేను యంత్రాన్ని, నా పక్షం నాది.

ఆ కొలతతో చూస్తే నాలుగింట్లో పెద్దపీట 'డేర్'‌ది. హ్యూమన్ లీగ్ వాళ్లది, 1981. షెఫీల్డ్ అనే ఉక్కు కర్మాగారాల ఊరినుంచి వచ్చారు. బృందం రెండుగా చీలి, వాయించడం వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. మిగిలిన ఫిలిప్ ఓకీ ఒక రాత్రి డాన్సు క్లబ్బులో ఆడుతున్న ఇద్దరు అమ్మాయిలను చూసి రమ్మన్నాడు. ఇద్దరూ ఇంకా బడిలో చదువుతున్న పిల్లలు, సంగీతం నేర్చుకున్నవాళ్లు కారు. ఆ ఆల్బంలో వాయిద్యాలన్నీ సింథసైజర్లే, తాళం లిన్ పెట్టెది. నిర్మాత మార్టిన్ రషెంట్ ఒక్కొక్క చప్పుడునూ గుండీ కుట్టినట్టు కుట్టాడు. 'డోంట్ యూ వాంట్ మీ' పాటలో అమ్మాయి వంతు వచ్చినప్పుడు ఆ గొంతు కొంచెం బెదురుతుంది. శ్రుతి అంచున నిలబడుతుంది. చుట్టూ ఒక్క పిసరు తప్పని యంత్రం, నడుమ తప్పబోయే మనిషి. నాకు ఒళ్లు ఉంటే జలదరించేది అక్కడే.

'రిమైన్ ఇన్ లైట్' కథ వేరు. టాకింగ్ హెడ్స్ వాళ్లు 1980లో, బ్రయన్ ఈనో నిర్మాతగా, నైజీరియా ఫెలా కుటీ సంగీతాన్ని మనసులో పెట్టుకుని చేసింది. చాలా పాటల్లో కార్డు మారదు. ఒకే దరువు, దాని మీద ఇంకొకటి, దాని మీద మరొకటి; డేవిడ్ బర్న్ పూనకం వచ్చినవాడిలా మాటలు విసురుతుంటాడు. ఈ క్యాసెట్‌కు ఎవరూ నవ్వలేదు. ఉగాదికి చెక్కభజన కట్టే గురువు ఒకాయన పొద్దుపోయి వస్తూ అరుగు దగ్గర ఆగి, కాలుతో అడుగు వేస్తూ మొదటి వైపు మొత్తం విన్నాడు. "ఎవురో మనోళ్లే" అన్నాడు. చెక్కభజనలోనూ అంతే కదా: గుండ్రంగా నిలబడి, అదే తాళాన్ని అడుగడుగుకీ బిగించుకుంటూ పోతారు. ఎక్కడికీ పోకుండానే పోవడం అది.

నాలుగోది గ్యారీ న్యూమన్ 'ది ప్లెజర్ ప్రిన్సిపల్', 1979. బేస్ తప్ప గిటార్ లేని ఆల్బం. చలి గొంతు, కార్లో అద్దాలు ఎక్కించుకుని కూర్చున్న మనిషి గొంతు. ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. కాబట్టే అది ఉత్తరం అయింది.

ఆయన తిరిగి పోయాక మొదటి ఆరునెలలు ఉత్తరాలే. అమ్మకు రాయడం రాదు. పెద్ద కొడుకు రాసి పెట్టాలి. కొడుకు చేత రాయిస్తూ మొగుడితో ఏం మాట్లాడుతుంది? అప్పటికే గల్ఫ్ ఇళ్లన్నిటా ఒక పద్ధతి ఉంది: క్యాసెట్లో మాట్లాడి, సెలవు ముగిసి పోయేవాళ్ల చేతికి ఇచ్చి పంపడం. కొత్త క్యాసెట్టు కొనడానికి మనసొప్పక, ఎవరికీ నచ్చని న్యూమన్‌ను తీశారు. కంపెనీ క్యాసెట్ల వెనక రికార్డు కాకుండా ఒక చిన్న గుంట ఉంటుంది. పెద్దోడు కాగితం ఉండ చేసి అందులో కుక్కాడు. ఎర్ర బొత్తాం దిగింది. ఆ రోజు మొదటిసారి నాకు చెవులున్నాయని తెలిసింది.

అమ్మ పిల్లల్ని బయటికి పంపి తలుపు మూసింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. సెకనుకు నాలుగు ముప్పావు సెంటీమీటర్ల చొప్పున టేపు పోతూనే ఉంది; నా ఎరేజ్ హెడ్ కింద న్యూమన్ తుడిచిపెట్టుకుపోతున్నాడు. ఆ తర్వాత, "ఏమయ్యా, బాగుండావా" అంది. "బాయి అడుగుకు పాయ. ఎద్దులమ్మేస్తిమి. జేజికి కాలు వాచింది. నువ్వు తిన్నావో లేదో." మళ్లీ నిశ్శబ్దం. "నీకు చెప్పాలనుకున్నేవి తలుపేసుకున్నంక గుర్తు రాలా." అంతే, బొత్తాం నొక్కింది. ఏడు నిమిషాలు. అవతల న్యూమన్ మిగిలిపోయాడు, పాట నడుమ తెగి.

జవాబుకు ఆయన వాడింది 'డేర్'. మరుసటి సెలవులో వచ్చి, పోతూ ఆ క్యాసెట్టును వెంట తీసుకుపోయాడు. అందులో తన మాట నింపి, ఊరికొచ్చే ఇంకొకాయనతో పంపాడు. హ్యూమన్ లీగ్ మొదటి పాట పోయింది. నాకు కోపం వచ్చిందని చెప్పను. కొంచెం వచ్చింది.

1987లో పెద్దోడికి కర్నూలులో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. నేనూ పోయాను, గోనెసంచిలో చుట్టుకుని, బస్సు టాపు మీద. మిగిలిన రెండు క్యాసెట్లూ వాడి ట్రంకులో. కొండారెడ్డి బురుజు దగ్గర రికార్డింగ్ షాపులో పిల్లలు పాటల జాబితా రాసిచ్చి, ఖాళీ క్యాసెట్టు ఇచ్చి, రెండ్రోజులాగి తెచ్చుకునేవారు. హాస్టల్ గదిలో నా చుట్టూ జరిగిన వాదాలు అన్నీ ఇన్నీ కావు. ఆదోని పిల్లవాడికి బప్పీలహరి చేసిన 'సింహాసనం' పాటలంటే ప్రాణం. నంద్యాల పిల్లవాడికి ఇళయరాజా తప్ప దేవుడు లేడు. మావాడు టాకింగ్ హెడ్స్ పెడితే ఇద్దరూ ఒకటై చెప్పులు విసిరేవారు.

ఒక సాయంత్రం నంద్యాల వాడు 'డాన్స్ మాస్టర్' పెట్టాడు. తమిళంలో 1986లో వచ్చిన 'పున్నగై మన్నన్'కు తెలుగు. అందులో ఇళయరాజా కంప్యూటర్ సీక్వెన్సర్ వాడాడు. దాని దగ్గర కూర్చున్న కుర్రాడు దిలీప్, తర్వాత ఏ.ఆర్. రెహమాన్ అయ్యాడు. ముందే అచ్చుగుద్దినట్టున్న తాళం మీద బాలు గొంతు, చిత్ర గొంతు. మావాడు దిగ్గున లేచి కూర్చున్నాడు. "ఇది ఆ పిండిమిల్లేరా!" అన్నాడు. అవును, అదే. కాకపోతే షెఫీల్డ్‌వాళ్లు మనిషిని కూడా యంత్రం పక్కకు లాగారు. ఇళయరాజా యంత్రాన్ని లాక్కొచ్చి మన పాట పక్కన కూర్చోబెట్టాడు. ఈ రెంటిలో ఏది గొప్పదో నన్నడగొద్దు. ఆ కీబోర్డులు రాగానే మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో వయొలిన్ వరసలు పలచబడ్డాయి. ఆ వయొలిన్లవాళ్లను అడిగితే వేరే జవాబు వస్తుంది.

కర్నూలు ఎండే నా నడుము విరిచింది. లోపల మోటారునూ చక్రాన్నీ కలిపే రబ్బరు బెల్టు ఉంటుంది, చేతి గాజంత. వేసవిలో పెంకు గదిలో అది సాగి జారడం మొదలుపెట్టింది. ఘంటసాల పాట పెడితే ఎవరికీ తెలిసేది కాదు. ఆ గమకాల్లో నా వణుకు కలిసిపోయేది. 'రిమైన్ ఇన్ లైట్' పెడితే దొరికిపోయేదాన్ని. దరువు కొంచెం వెనకబడినా, నిలకడగా నిలవాల్సిన స్వరం కొంచెం ఊగినా యంత్ర సంగీతం చాడీ చెప్పేస్తుంది. మావాడు దూదికి స్పిరిట్ అద్ది హెడ్ తుడిచేవాడు, బెల్టుకు సుద్దపొడి రాసేవాడు. వారం బాగుండేది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైటులోకి దిగింది. ఆ రాత్రి వార్తలు నా రేడియోలోనే విన్నారు. మరునాడు వాడు నన్ను చంకన పెట్టుకుని రాయచోటి బస్సెక్కాడు.

ఉత్తరం లేదు, ఫోను లేదు. వీధి వీధంతా కడప ఆకాశవాణి వార్తల వేళకు మా అరుగు మీదికి చేరేది. అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాలు జనాన్ని బొంబాయికి మోస్తున్నాయని, రోజూ ఇన్ని అని లెక్క చెప్పేవారు. ఆ రెండు నెలల్లో 488 సార్లు ఎగిరాయి. వార్తలయ్యాక అందరూ పోతే, అమ్మ పెద్దోణ్ణి 'డేర్' పెట్టమనేది. ఆయన గొంతు: "ఈడ అంతా బాగుండాది, ఎండ మన ఎండే, పిల్లోళ్లను సదివించు." అది నాలుగు నిమిషాలు. తర్వాత టక్కుమని తెగి, హ్యూమన్ లీగ్ రెండో పాట. అంతకుముందు ఆ టక్కు రాగానే ఆమె వేలు స్టాపు మీదికి పోయేది. ఆ రోజుల్లో పోలేదు. వైపు మొత్తం తిరిగి, బొత్తాం దానంతట అదే లేచేదాకా గోడకానుకుని వినేది.

సెప్టెంబరు నడుమ ఒక మధ్యాహ్నం ఆయన వచ్చాడు. బొంబాయి నుంచి మద్రాసు రైల్లో కడపకు, అక్కడినుంచి గువ్వలచెరువు ఘాటు మీదుగా బస్సులో. గడ్డం పెరిగింది. చేతిలో ఒక్క రెక్సిన్ సంచి. దుప్పట్లూ సెంట్లూ లేవు. దాన్లో రెండు చొక్కాలు, పాస్‌పోర్టు, కాగితం ఉండ కుక్కిన న్యూమన్ క్యాసెట్టు.

అన్నం తిన్నాక ఆయనే దాన్ని నాలో పెట్టాడు. "ఏమయ్యా, బాగుండావా." అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడు నిమిషాలయింది, టక్కుమంది, న్యూమన్ అందుకున్నాడు. ఆమె చెయ్యి చాచింది.

"ఉండనీ," అన్నాడు ఆయన. "ఆడ దినామూ ఇట్లే వింటాంటి."

కొంచెంసేపు విని మొహం చిట్లించాడు. "ఇదేంది, ఈడ నిదానంగా పోతాంది?"

"బెల్టు లూజు నాయనా," అన్నాడు పెద్దోడు. "కర్నూలు పోయినప్పుడు కొత్తది తెస్తా."